సెంట్రింగ్ చెక్క మీద పూలమొక్క

తిమ్మప్ప చూసే హైదరాబాదు వేరు. రాయదుర్గంలో మెట్రో దిగితే మనందరికీ కనిపించేవి అద్దాల మేడలు. ఆయనకు కనిపించేవి చెక్కల మేడలు. ప్రతి అద్దాల మేడా మొదట కొన్నాళ్ళు చెక్కల్లోనే నిలబడిందని, కాంక్రీటు పోయకముందు ఇక్కడంతా ఒక చెక్కల ఊరు ఉండేదని, ఆ ఊరును కళ్ళారా చూసింది తనలాంటి సెంట్రింగ్ పనివాళ్ళేనని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే కదా! పిల్లర్ లేపాలంటే చుట్టూ చెక్కల డబ్బా కట్టాలి. స్లాబ్ వేయాలంటే కింద చెక్కలు పరవాలి. కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక చెక్కలన్నీ విప్పెయ్యాలి. విప్పాక అక్కడ చెక్కకూ పనిలేదు, చెక్క కొట్టినవాడికీ పనిలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన చేసింది ఇదే. సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా, ఇక అంతే. ఎర్రటి ఎండలో మెరుస్తున్న అద్దాల వెనక తన చెక్కలు ఇంకా అలాగే ఉన్నట్టు చూస్తూ కూర్చుంటాడు. బోరబండ స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచి ఇల్లు చేరిన రోజులు ఎన్నో. "బస్సుల కూసుంటే ఈయన ఈ లోకంల ఉండడు" అని భార్య లక్ష్మమ్మ వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పి నవ్విస్తుంది.

వాళ్ళది మక్తల్ దగ్గర ఊరు. వానలు మొఖం చాటేసిన ఏడు మొగుడూ పెళ్ళాలిద్దరూ చంకన ఏడాది పిల్లతో వచ్చి ఇక్కడ పనిలో దిగారు. అప్పటి నుంచి సైటు ఎక్కడుంటే ఇల్లక్కడ. ఇల్లంటే రేకుల షెడ్డు. మాదాపూర్‌లో ఎనిమిది నెలలు, కొండాపూర్‌లో ఏడాది, నానక్‌రామ్‌గూడలో ఆరు నెలలు. పిల్ల ప్రవళిక మూడేళ్ళలో నాలుగు బడులు మారింది. ఏ బడిలోనూ బల్ల మీద పేరు రాసుకునేంత కాలం ఉండలేదు. ఇట్లా అయితే చదువు అబ్బదని, ఐదో తరగతిలో వనపర్తి హాస్టల్‌లో వేశారు. ఏడాదికి రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు, తిమ్మప్ప సైటు నుంచే నేరుగా బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవాడు. బిస్కెట్లు, అరటిపళ్ళు ఇచ్చేవాడు. పిల్ల తీసుకునేది, తల వంచుకొని నిలబడేది, గంట కొడితే లోపలికి వెళ్ళిపోయేది. ఏడవదు, మారాం చెయ్యదు, ఏదీ అడగదు. 'మంచి పిల్ల' అని వార్డెనమ్మ మెచ్చుకునేది. తిమ్మప్పకు మాత్రం ఆ మంచితనం ముల్లులా గుచ్చుకునేది.

డిగ్రీ కూడా హాస్టల్లోనే ఉండి చదివింది. పోయిన ఏడాది రాయదుర్గంలో ఒక కంపెనీ హెల్ప్ డెస్కులో ఉద్యోగం వచ్చింది. బోరబండలోని రెండు గదుల కిరాయి ఇంటికి బ్యాగు పట్టుకొని వచ్చింది. ఇన్నేళ్ళకు బిడ్డ ఇంట్లో ఉంటుందని ఆ తండ్రి పడ్డ సంబరం అంతా ఇంతా కాదు. కానీ ఆమె ఇంట్లో చుట్టంలా ఉండేది. తిన్న కంచం తనే కడుక్కునేది. సబ్బు తనదే, దువ్వెన తనదే. ఏమైనా కావాలా అంటే 'ఏం వద్దు' అనేది. ఆమె పనిచేసే మేడలో తొమ్మిదో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ కొట్టింది తనేనని ఒకసారి తిమ్మప్ప ధైర్యం చేసి చెప్పాడు. ఆమె తలెత్తి చూసి, అవునా అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అసలు అడగని పిల్లకు నాన్న ఏం పెట్టగలడు?

అట్లాంటి పిల్ల జ్యేష్ఠమాసంలో, తొలి వాన కురిసిన సాయంత్రం, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకొని వచ్చింది. ఆఫీసులో పక్క సీటు ఉమాశ్రీ ఇచ్చిందట. ఉమాశ్రీ వాళ్ళది కడియం దగ్గర, ఇంటివాళ్ళకు మొక్కల నర్సరీ ఉంది. కవరులో ఉన్నది చూస్తే మొక్క అని ఎవరూ అనరు. వెల్లుల్లి రెబ్బల్లాంటి ఆకుపచ్చని దుంపలు ఒక గుప్పెడు, ఒక్కో దుంపకు మందంగా ఒక్కో ఆకు, కింద దారాల్లా వేలాడే బూడిదరంగు వేళ్ళు. ఆర్కిడ్ అంటారట, అందులో చిన్నరకం. దీనికి మట్టి తగలకూడదట. చెక్క మీద కాస్త కొబ్బరిపీచు పెట్టి కట్టాలి, పొద్దున్నే నీళ్ళు చిలకరించాలి, రెండు మూడు నెలల్లో వేళ్ళు చెక్కను పట్టుకుంటాయి, ఎండాకాలంలో తేనెరంగు పూలు గుత్తులుగా దిగుతాయి. ఇదంతా ప్రవళిక అన్నం తింటూ చెప్పింది. ఈ ఇంటికి వచ్చాక ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. చెప్పి చెప్పి, తండ్రి వైపు తిరిగింది.

"నాయినా, ఒక మంచి చెక్క ఉంటే ఇస్తవా?"

చెక్క! ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు. అదీ, ఈ లోకంలో తిమ్మప్ప దగ్గర పుష్కలంగా ఉన్న ఒకే ఒక్క వస్తువు. ఆయన కాళ్ళు నేల మీద లేవంటే నమ్మండి.

ఇప్పుడు సైట్లలో చెక్క తగ్గిపోయింది, అంతా ఇనుపరేకులూ అల్యూమినియం పలకలే. అందుకని తిమ్మప్ప పాతచెక్కలు నాలుగు ఇంట్లో మంచం కింద దాచుకున్నాడు. అందులో ఒకటి మద్దిచెక్క. మేస్త్రి అయ్యాక తన చేతిమీదుగా వేసిన మొదటి స్లాబులోది. పెళ్ళాం ఎన్నిసార్లు పొయ్యిలో పెడతానన్నా పెట్టనివ్వలేదు. దాన్నే తీశాడు. మూరెడు పొడవుకు కోశాడు, అంచులు చిత్రిక పట్టాడు, గోడకు తగిలించడానికి పైన కొక్కెం బిగించాడు. చివరికి, అలవాటు ప్రకారం, బండ్ల నుంచి తీసిన నల్ల ఆయిల్ గుడ్డతో అద్ది రెండు పూతలు పూశాడు. ఆయన లెక్కలో ఆయిల్ పూయకుండా చెక్క ఇవ్వడమంటే పిల్లకు తల దువ్వకుండా బడికి పంపడమే. వానకు ఉబ్బకూడదు, చెద పట్టకూడదు. రెండురోజులు ఎండలో ఆరబెట్టి బిడ్డ చేతికిచ్చాడు. ఆమె చెక్కను ముఖం దాకా ఎత్తి చూసింది, చాలాసేపు చూసింది. బాగుందని అంది. మొక్కను దాని మీద పెట్టి నూలుదారంతో తనే కట్టింది.

పక్కింటి బుచ్చమ్మ వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. ఇది మామిడిచెట్ల మీద పడే బదనిక జాతి, చెట్టు రక్తం తాగి బతుకుతుంది, ఎవరైనా ఇంట్లో తెచ్చి పెట్టుకుంటారా అని దబాయించింది. ప్రవళిక ఓపిగ్గా, తాగదని, ఊరికే పట్టుకుంటుందని చెప్పింది. దీనికి కావలసింది గాలిలో నుంచి, వానలో నుంచి తీసుకుంటుందట. చెక్క నుంచి ఏమీ తీసుకోదు. ఆ మాట తిమ్మప్పకు ఎంత నచ్చిందో! పనిలో మేకులు కొడుతూ, టీ తాగుతూ దాన్నే తలుచుకున్నాడు. ఏమీ తీసుకోకుండా ఊరికే పట్టుకునేది కూడా ఒకటుంటుందన్నమాట.

ఇక ఆ వానాకాలం ఎట్లా గడిచిందో ఆయన చెబితే వినాలి. తెల్లవారుతూ ఉంటుంది. లోకల్ రైలు స్టేషన్ వైపు నుంచి కూత వినిపిస్తుంది. ఎదురింటి మేడ మీద పావురాలు గుంపుగా లేస్తాయి. ఇంటి ముందు రెండడుగుల వరండాలో తండ్రీ కూతురూ నిలబడతారు. ఆమె చిన్న బాటిల్‌తో నీళ్ళు చిలకరిస్తుంది. బూడిదరంగు వేళ్ళు తడిసి, చూస్తుండగానే ఆకుపచ్చగా మారతాయి. ఆ మార్పును ఊపిరి బిగబట్టి చూస్తారు. పొగమంచు లాంటి తుంపర ఇద్దరి ముఖాల మీదా పడుతుంది. ఒక్కోరోజు ఆమె ఏదో ఒక ముచ్చట చెప్పేది. హాస్టల్లో ఏడో తరగతిలో తనొక పిచ్చుకపిల్లను సాకానని, ఆఫీసులో లిఫ్టులో ఒక్కతే ఉంటే పాట పాడుకుంటానని. ఇట్లాంటివే. పది నిమిషాలు. తర్వాత ఆమె ఆఫీసుకు, ఆయన సైటుకు. ఆ పది నిమిషాల కోసమే తెల్లవారుతోందని తిమ్మప్పకు అనిపించేది. బస్సులో కళ్ళు మూసుకుంటే మేడలన్నిటికీ వేళ్ళు మొలిచి, గాలిలో తడిసి, ఆకుపచ్చగా మెరుస్తున్నట్టు కనిపించేది.

దసరా దగ్గరపడే వేళకు మొక్క నీరసించింది. ముందు ఒక ఆకు పచ్చబడి రాలింది, తర్వాత రెండు. దుంపలు ముసలివాళ్ళ వేళ్ళలా ముడతలు పడ్డాయి. మొక్క వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. ప్రవళిక బోరునీళ్ళు మానేసి ఫిల్టరునీళ్ళు తెచ్చింది. ఎండ ఎక్కువైందేమోనని లోపలికి జరిపింది, గాలి చాలలేదేమోనని మళ్ళీ బయట పెట్టింది. రోజురోజుకూ ఆమె మాటలు తగ్గాయి. చివరికి ఒక పొద్దున, నీళ్ళు చిలకరించి బాటిల్ గోడ మీద పెట్టి, నవ్వినట్టే ముఖం పెట్టి అంది.

"నా చేతిల ఏదీ నిలవది, నాయినా."

ఆ మాట విన్న తిమ్మప్పకు ఆ పూట ముద్ద దిగలేదు. నాలుగు బడులు మారిన పిల్ల, పదకొండేళ్ళు హాస్టళ్ళలో ఉన్న పిల్ల ఆ మాట అంటే, అందులో ఉన్నది మొక్క ఒక్కటేనా?

అదేరోజు ఖాజాగూడ సైటులో పిల్లర్ పలకలకు ఆయిల్ పూసే పని పడింది. మోకాళ్ళ మీద కూర్చొని గుడ్డ ముంచి రుద్దుతున్నాడు. ఎన్ని వేలసార్లు చేశాడో ఆ పని. చెయ్యి దాని మానాన అది పోతోంది, మనసు వరండాలో ఉంది. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఒకమాట అనేవాడు, ఆయిల్ పూసినంక దేవుడు దిగొచ్చినా చెక్కను పట్టుకోలేడని. అందుకే కదా పూసేది! కాంక్రీటు అంటుకోకూడదనే కదా! విప్పితే గీత పడకుండా ఊడి రావాలనే కదా!

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏదీ అంటకుండా ఏళ్ళ తరబడి ఆయిల్ తాగిన చెక్క. దాని మీద తన చేత్తో మరో రెండు పూతలు. బిడ్డ అడిగింది పట్టుకునేందుకు ఒక చెక్క. తను ఇచ్చింది ఏదీ పట్టుకోలేని చెక్క.

మర్నాడు పొద్దున ఆమె లేవకముందే వరండాలోకి వెళ్ళి ముక్కు ఆనించి చూశాడు. అనుమానమే లేదు. ఒక్కో వేరూ చెక్క దాకా వచ్చింది. తాకినచోట మాడి నల్లబడింది. తాకని రెండు వేళ్ళు మాత్రం ముఖం తిప్పుకొని గాలిలోకి సాగాయి, వాటి కొసలు ఇంకా పచ్చగా ఉన్నాయి. తిమ్మప్ప అక్కడే బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

లక్ష్మమ్మకు చెప్పాడు. ఆమె కొంగు దోపుకొని, గొంతు తగ్గించి, ఊరుకొమ్మని సలహా చెప్పింది. ఎండకో చలికో పోయిందనుకుంటుంది, రెండురోజులు బాధపడి మరిచిపోతుంది, ఇన్నేళ్ళకు పిల్ల నీతో నాలుగు మాటలు మాట్లాడుతుంటే నీ నోటితో నువ్వే చెడగొట్టుకుంటావా అంది. ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. తిమ్మప్పకు భయమేసింది. యాభై అంతస్తుల మీద పలక అంచున నిలబడి కిందికి చూసినప్పుడు కూడా వేయని భయం. ఆ పది నిమిషాలు పోతే తనకు మిగిలేది మళ్ళీ 'ఏం వద్దు' అనే మాటే.

అయినా ఆ సాయంత్రం పని దిగి ఖాజాగూడ చెరువు గట్టు వెంట నడిచాడు. బండరాళ్ళ మధ్య గాలికి విరిగిపడ్డ తుమ్మకొమ్మ ఒకటి దొరికింది. బెరడు గరుకుగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉంది. పట్టుకోవాలనుకున్న వేరుకు ఎన్ని చోట్లో. జీవితంలో మొదటిసారి ఒక చెక్కను చిత్రిక పట్టకుండా, ఆయిల్ పూయకుండా ఉంచాడు. ముళ్ళు మాత్రం గీకేశాడు. గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి నీళ్ళడ్రమ్ము వెనక దాచాడు.

దాచిన కొమ్మ నాలుగురోజులు అక్కడే ఉంది. ఆమె ఆఫీసుకు పోయిన పూట చడీచప్పుడు లేకుండా మొక్కను మార్చేస్తే సరిపోతుందని ఒక ఆలోచన. శుక్రవారం పనికి పోకుండా అందుకే ఆగాడు కూడా. దారం ముడి మీద చెయ్యి వేశాడు. వేసి, తీసేశాడు. మొక్క బతికితే బతుకుతుంది. కానీ దాన్ని చంపబోయింది తన చెయ్యేనని బిడ్డ అనుకుంటూనే ఉంటుంది కదా. తన తప్పును ఆ పిల్ల నెత్తిన పెట్టి, తను ఎట్లా అన్నం తింటాడు?

ఆదివారం పొద్దున ప్రవళిక బాటిల్ పట్టుకొని వచ్చేసరికి తిమ్మప్ప తుమ్మకొమ్మ ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. ముఖం ఎత్తలేకపోయాడు.

"బిడ్డా, నీ చేతిది తప్పు లేదు. తప్పు నాది. ఆ చెక్కకు ఆయిల్ పూసిన. ఆయిల్ పూస్తే ఏదీ పట్టుకోదని నాకు తెల్వదా? తెల్సిన పనే. పట్టుకోవద్దనే పూస్తం. తెల్సి కూడ నీకు గదే ఇచ్చిన."

ఆమె మొక్క వైపు చూసింది, కొమ్మ వైపు చూసింది. గిర్రున లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాడు తిమ్మప్ప. హాస్టల్ గంట కొట్టినప్పుడు తలుపు వెనక మాయమయ్యే ఆ వీపు కళ్ళముందు కదిలింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. లక్ష్మమ్మ వింటోందన్నమాట.

ప్రవళిక కత్తెర, కొబ్బరిపీచు, గిన్నెలో నీళ్ళు పట్టుకొని తిరిగి వచ్చింది. ఆయన పక్కనే నేల మీద చతికిలబడింది. దారం కత్తిరించింది. నాలుగు నెలలు కట్టి ఉంచిన మొక్క అరచేతిలోకి ఊడి వచ్చింది. చెక్క మీద గీతైనా పడలేదు. మాడిన వేళ్ళను కత్తిరించింది. దుంపలు నీళ్ళలో కడిగింది. పచ్చగా ఉన్న రెండు వేళ్ళనూ బెరడు పగుళ్ళలో పడేట్టు జాగ్రత్తగా సర్దింది. ఆయన కొమ్మ పట్టుకున్నాడు, ఆమె దారం చుట్టింది. చేతివేళ్ళు తగులుతున్నా ఆమె తల ఎత్తలేదు. కోపంగా ఉందని ఆయన అనుకున్నాడు. ఉండనీ, ఉండవలసిందే అనుకున్నాడు. మొక్క బతుకుతుందో లేదో చలికాలం పోతే గాని తెలియదు.

పని అయ్యాక తిమ్మప్ప మద్దిచెక్కను తీసుకొని లేచాడు. గేటు బయట చెత్తబండి వచ్చేవేళ అయింది. రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ప్రవళిక చెక్క అంచు పట్టుకుంది.

"పారెయ్యకు నాయినా. ఆయిల్ ఉన్నదని నాకు మొదటి దినమే తెల్సు. ఉమాశ్రీ కూడ చెప్పింది, ఆయిల్ చెక్క పనికి రాదండి, మార్చెయ్యండి అని. రెండుసార్లు చెప్పింది. నీళ్ళు మారిస్తి, జాగ మారిస్తి, చెక్కనే మార్చబుద్ధి కాలే."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె చెక్క వైపే చూస్తూ చెప్పింది.

"హాస్టల్‌కు వచ్చినప్పుడు నీ అంగికి ఇదే వాసన ఉండె. నువ్వు నెత్తి మీద చెయ్యి పెట్టి పోయినంక, నేను నాలుగు దినాలు నెత్తి కడుక్కోకపోతుంటి."

తిమ్మప్ప నిలబడ్డచోటనే ఏడ్చాడు. యాభై ఆరేళ్ళ మనిషి, పొద్దున్నే, వీధి మొత్తం చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెక్కను ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూర్చుంటే ఆయనా పక్కన కూర్చున్నాడు. టీ చల్లారిపోతోందని లక్ష్మమ్మ లోపలి నుంచి రెండుసార్లు పిలిచింది, ఇద్దరూ లేవలేదు. మూడోసారి ఆమే మూడు గ్లాసులూ పట్టుకొని బయటికి వచ్చింది.